ఐటీసీ షేరు: రెండు మూడు వారాల ట్రెండ్ ఎట్లా చూడాలి?

టంగుటూరు నుంచి ప్రశ్న: వేలంలో పొగాకు రేటు పడితే సిగరెట్లు చేసే ఐటీసీకి ఖర్చు తగ్గి షేరు పెరగాలి గదన్నా? 50 వేలు పెట్టి మూడు వారాల్లో బయటికి రావాలని. చార్టులో ఏం చూడాలి?

కావలి నుంచి జవాబు: వేలం రేటుకీ మూడు వారాల షేరు రేటుకీ లంకె పెట్టబాకండి. ఈ సీజన్‌లో కొన్న ఆకు మాగి, సిగరెట్టయి, లెక్కల్లోకి ఎక్కేసరికి నెలలు గడుస్తాయి. పైగా ఐటీసీ ఆకు ఎగుమతి కూడా చేస్తుంది. షేరును కుదిపేది పన్ను వార్త. 2017 జులైలో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్ల మీద సెస్సు పెంచిన మర్నాడు ఒక్కరోజే 12 శాతం పైగా పడింది. బడ్జెట్టో, కౌన్సిల్ సమావేశమో, త్రైమాసిక ఫలితాలో మీ మూడు వారాల్లో ఉంటే ఆగడమే మేలు.

అవేవీ లేకపోతే ఆరు నెలల డైలీ చార్టు తెరిచి గడిచిన 20, 50 రోజుల రేటు సగటు చూపే గీతలు పెట్టండి. రేటు ఆ గీతలకు పైన ఉంటే చాలదు, 20 రోజుల గీత కూడా ఎక్కుతూ ఉండాలి. అది అడ్డంగా పాకుతుంటే రేటు అటూ ఇటూ దాటుతానే ఉంటుంది. దాటినప్పుడల్లా కొంటే డబ్బులు ఛార్జీలకే పోతాయి. నిఫ్టీతోనూ పోల్చండి. నెలలో నిఫ్టీ 3 శాతం ఎక్కి ఇది 1 శాతమే ఎక్కితే షేరులో సొంత బలం లేనట్టే.

టంగుటూరు: 2025 మే 28న వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) విపరీతం, రేటు పడింది. అది అమ్మేయమనే సూచనేనా?

కందుకూరు నుంచి జవాబు: కాదండీ. ఆరోజు రెండు పనులు కలిసొచ్చాయి. పెద్ద వాటాదారు బ్యాట్ (బ్రిటిష్ అమెరికన్ టొబాకో) దాదాపు 2.5 శాతం వాటాను బ్లాక్ డీల్‌లో, అంటే ఒకేసారి పెద్ద మొత్తంగా, అమ్మింది. అదే రోజు 7.85 రూపాయల డివిడెండుకు ఎక్స్-డేట్, అంటే ఆరోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండు రాదు, రేటు ఆమేరకు తగ్గుతుంది. చాలా చార్టులు డివిడెండుకు రేటు సర్దవు, అందుకే ఉత్తి పతనంలా కనబడుతుంది. 2025 జనవరి 6 దగ్గర గ్యాప్ (ముందురోజు రేటుకీ ఆరోజు రేటుకీ మధ్య ఖాళీ) ఉంటే అదీ అమ్మకం కాదు, హోటళ్ల వ్యాపారం విడదీసిన రోజు. 10 షేర్లకు ఒక ఐటీసీ హోటల్స్ షేరు ఇచ్చారు. మీ యాప్ ఆ గ్యాప్‌ను సర్దకపోతే ఆ తేదీ మీదుగా వెళ్లే సగటు గీతలను నమ్మబాకండి.

టంగుటూరు: 50 వేలూ పెట్టేయొచ్చా?

కావలి: అక్కర్లేదు. 14 రోజుల ఏటీఆర్ చూడండి, షేరు రోజుకు సగటున ఎంత ఊగుతోందో చెబుతుంది. రేటు 400, ఏటీఆర్ 6 అనుకుందాం. స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా అమ్మేసే రేటు) దానికి రెండింతల దూరంలో, 388 దగ్గర. వెయ్యికి మించి పోకూడదంటే 1,000ని 12తో భాగించండి: 83 షేర్లు, 33,200 రూపాయలు. 397 దగ్గర స్టాప్ పెడితే మామూలు ఊపుకే ఎగిరిపోతుంది. కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), అమ్మినప్పుడు డీపీ ఛార్జీ (డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు తీసినందుకు ఫీజు), ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఇవన్నీ పోనూ ఒక శాతం లాభానికి ఆశపడటం దండగ.

కందుకూరు: మామూలు స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజుకే. వారాల తరబడి ఉండాలంటే జీటీటీ (రేటు తగిలేదాకా నిలిచి ఉండే ఆర్డరు) పెట్టండి. ట్రిగ్గర్ (ఆర్డరు కదిలే రేటు) 388 అయితే లిమిట్ ధర (ఇంతకన్నా తక్కువకు అమ్మొద్దనే రేటు) కూడా 388 ఇవ్వబాకండి, 385 ఇవ్వండి. పొద్దున్నే 380 దగ్గర తెరుచుకుంటే అదీ అమ్ముడుపోదు. అప్పుడు చేత్తోనే అమ్ముకోవాలి, నష్టం మీ వెయ్యి దాటుతుంది.