ఈసీఎస్ లాగ్స్: బ్లాకింగా, నాన్-బ్లాకింగా?

కొత్తకుండ:
అందరికీ నమస్తే. మాది పేమెంట్స్ యాప్, అమెజాన్ క్లౌడ్‌లో ఈసీఎస్ ఫార్గేట్ మీద నడుస్తుంది (కంటైనర్లని నడిపే సర్వీస్, సర్వర్లు అమెజానే చూసుకుంటుంది). కంటైనర్, అంటే మా యాప్ ఉన్న ప్యాకేజీ, స్టాండర్డ్ అవుట్‌లోకి రాసిన లాగ్ లైన్లన్నీ ఏడబ్ల్యూఎస్‌లాగ్స్ డ్రైవర్ అమెజాన్ లాగ్ సర్వీస్ క్లౌడ్‌వాచ్‌కి పంపిస్తుంది. ఇప్పుడున్న బ్లాకింగ్ మోడ్ (లాగ్ లైన్ వెళ్లేదాకా యాప్ ఆగుతుంది) అలాగే ఉంచాలా, నాన్-బ్లాకింగ్‌కి (లైన్ బఫర్ అనే తాత్కాలిక మెమరీలో పడుతుంది, యాప్ ఆగదు) మార్చాలా అని టీమ్‌లో వారం నుంచి గొడవ. మీరేం పెట్టుకున్నారు?

నైట్‌షిఫ్ట్ నాని:
నాన్-బ్లాకింగ్. ఇందులో అడగడానికేముంది? రెండేళ్ల కింద మా చెల్లి పెళ్లి, తలంబ్రాలు పోస్తుంటే ఫోన్. యాప్ మొత్తం బిగుసుకుపోయింది, సీపీయూ చూస్తే ఖాళీ, డేటాబేస్ చూస్తే ఖాళీ. మండపం వెనక ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్ పెట్టుకుని గంటన్నర కొట్టుకుంటే తేలిందేంటంటే లాగ్ సర్వీస్ దాకా నెట్‌వర్క్ దారి మూసుకుపోయింది, బ్లాకింగ్ కాబట్టి లాగ్ రాసే ప్రతి థ్రెడ్డూ అక్కడే నిలబడిపోయింది, హెల్త్ చెక్ ఫెయిల్, ఈసీఎస్ టాస్కుల్ని (నడుస్తున్న కంటైనర్లని) చంపుతోంది, కొత్తవి లాగ్ స్ట్రీమే తెరవలేక లేవట్లేదు. లాగ్ లైన్ కోసం వ్యాపారం ఆపుకుంటామా ఎక్కడైనా? ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నేను లేను.

డాకర్ బాబాయ్:
ముందు డెమన్ జేసన్‌లో, అంటే కంటైనర్లని నడిపే డాకర్ సెట్టింగ్స్ ఫైల్‌లో, మాక్స్-సైజ్ (లాగ్ ఫైల్ సైజుకి హద్దు) పెట్టారా? డాకర్ డిఫాల్ట్ లాగ్ డ్రైవర్ జేసన్-ఫైల్‌కి రొటేషన్ ఉండదు, పాత లాగ్స్ తీసెయ్యదు, డిస్క్ నిండేదాకా రాస్తూనే ఉంటుంది.

కొత్తకుండ:
బాబాయ్, ఫార్గేట్‌లో ఆ ఫైల్ మన చేతికి రాదు.

పద్దుల రావు:
నాని గారూ, పెళ్లి సంగతి విన్నాక బాధేసింది, కానీ నాదీ వినండి. ఒక కస్టమర్‌కి డబ్బు రెండుసార్లు కట్ అయింది. ఎందుకయిందో చూద్దామని తీస్తే సరిగ్గా ఆ రెండు నిమిషాల లాగ్సే లేవు. ట్రాఫిక్ పెరిగింది, బఫర్ నిండింది, డ్రైవర్ మిగతావి పారేసింది. యాప్‌కి చిన్న ఎర్రర్ కూడా రాలేదు. అప్పుడు మాది నాన్-బ్లాకింగ్, బఫర్ సైజ్ ఎవరూ ముట్టుకోలేదు, డాకర్ ఇచ్చే 1 ఎంబీతోనే వదిలేశారు. మీటింగ్‌లో అందరూ నా వైపే చూశారు, ఆ ఏడాది అప్రైజల్ అక్కడితో సరి. యాప్ ఆగితే కనీసం ఆగిందని తెలుస్తుందండీ.

ఇరానీచాయ్:
మేం రిటెన్షన్, అంటే లాగ్స్ ఎన్నాళ్లు ఉంచాలో, పెట్టడం మర్చిపోయాం. క్లౌడ్‌వాచ్‌లో డిఫాల్ట్ అంటే ఎప్పటికీ ఉంచుతుంది. బిల్లు చూసి మేనేజర్‌కి చెమటలు 😀

నైట్‌షిఫ్ట్ నాని:
రావు గారు, 1 ఎంబీ పెట్టుకుని మోడ్‌ని తిడితే ఎలా? 25 ఎంబీ పెట్టండి, మెమరీ కాస్త తింటుంది, తిననివ్వండి.

పద్దుల రావు:
25 పెట్టినా నిండే రోజు నిండుతుంది. ఎన్ని లైన్లు పోయాయో మీరు చెప్పగలరా? చెప్పలేరు.

డాకర్ బాబాయ్:
ఈసీటూ మీద, అంటే మనమే చూసుకునే అమెజాన్ సర్వర్ల మీద అయితే? మాక్స్-సైజ్ విలువ కోట్స్‌లో రాయాలి, 3 అని ఊరికే రాస్తే డెమన్ లేవదు. పైగా పాత కంటైనర్లకి వర్తించదు, తీసేసి మళ్లీ క్రియేట్ చేయాలి. నేను ఇది తెలీక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా.

నైట్‌షిఫ్ట్ నాని:
బాబాయ్ ఈసీటూ ఊసే లేదిక్కడ!! రావు గారూ, అసలు బఫర్ ఎందుకు నిండుతుందో చెప్పనా, మీ డెవలపర్లు డీబగ్ ఆన్ చేసి ప్రొడక్షన్‌లోకి తోస్తారు, రిక్వెస్ట్ మొత్తం లాగ్‌లో కుమ్మరిస్తారు. చెత్త మీది, ఊడ్చేది మేము, అర్ధరాత్రి.

పద్దుల రావు:
కుమ్మరించక ఏం చెయ్యమంటారు? ప్రొడక్షన్ డేటాబేస్ కనీసం చదవడానికి కూడా మాకు యాక్సెస్ ఇవ్వరు సర్వర్లు చూసే మీ ఆప్స్ వాళ్లు. ఆడిట్ టేబుల్ ఒకటి కావాలని అడిగితే మూడు వారాలు అప్రూవల్స్‌లో తిరిగింది, చివరికి వద్దన్నారు. నాకు మిగిలిన ఒక్క కిటికీ ఆ లాగే. అది కూడా మూసేసి, పోతే పోయిందిలే అంటారా?

నైట్‌షిఫ్ట్ నాని:
ఇది ముందే చెప్పొచ్చుగా! మీరు లాగ్‌ని పద్దు పుస్తకంలా వాడుతున్నారు. డబ్బు లెక్క ఉండాల్సింది డేటాబేస్‌లో, ఆ లావాదేవీతో పాటే. స్టాండర్డ్ అవుట్‌లో కాదు.

పద్దుల రావు:
ఉండాల్సిన చోటు నాకూ తెలుసు. ఇచ్చేదెవరు? మీరిస్తారా?

నైట్‌షిఫ్ట్ నాని:
మా కంపెనీలో అయితే ఇచ్చేవాణ్ణి. మా దగ్గరా ఇంతేలెండి, పేజర్ నా ఒక్కడికే మోగుతుంది, డెవలపర్లకి కూడా పెట్టమంటే ఎవరూ ఒప్పుకోరు.

ఇరానీచాయ్:
ఇంతకీ కొత్తకుండ గారూ, మీ టాస్క్ డెఫినిషన్‌లో (కంటైనర్ ఎలా నడవాలో రాసుకునే చోట) మోడ్ అని రాసి ఉందా? 2025 జూన్ 25 నుంచి ఈసీఎస్‌లో డిఫాల్ట్ నాన్-బ్లాకింగ్ అయింది. ఏమీ రాయకపోతే అదే. పాతదే కావాలంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ లాగ్ డ్రైవర్ మోడ్ మార్చుకోవాలి, లేదా టాస్క్‌లోనే రాసుకోవాలి.

కొత్తకుండ:
ఇప్పుడే చూశా. రాసి లేదు. అకౌంట్ సెట్టింగ్ కూడా ఎవరూ ముట్టుకోలేదు. అంటే వారం నుంచి మేం దేని మీద కొట్టుకుంటున్నట్టు? బ్లాకింగే ఉండాలని పట్టుబట్టినవాళ్లంతా ఇన్నాళ్లూ నాన్-బ్లాకింగ్‌లోనే ఉన్నారు.

పద్దుల రావు:
ఒక్క నిమిషం. మాదీ రాసి లేదనుకుంటా. ఆ గొడవయ్యాక మోడ్ లైనే తీసేయించాను, డిఫాల్ట్ బ్లాకింగ్ కదా అని. ఆఫీసుకి ఫోన్ చేస్తున్నా.

డాకర్ బాబాయ్:
మాక్స్-సైజ్ కూడా చూడమనండి.