సమస్య: త్రాడు కఱచి చచ్చె త్రాచు నవ్వె

నిర్వాహకుడు: అసంబద్ధంగా తోచే పాదం ఇస్తాం, దానికి అర్థం కుదిరేలా మిగతా పద్యం రాయడమే పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు): త్రాడు / కఱచి / చచ్చె / త్రాచు / నవ్వె. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) త్రా–త్రా.

షరతు ఒక్కటే. ఇంగ్లీషులో ఇల్యూజన్ వేరు, డెల్యూజన్ వేరు. మనం రెంటినీ ‘భ్రమ’ అని ఒకే గాటన కట్టేస్తాం. పూరణలో వచ్చే భ్రమ ఈ రెంటిలో ఏదో పద్యం చదవగానే తెలియాలి. ఆ మాటలు మాత్రం పద్యంలోకి రాకూడదు. ‘డెల్యూజను’ అంటే గురువు, గురువు, లఘువు, లఘువు. సూర్య, ఇంద్ర గణాల్లో ఏ ఒక్కదానిలోనూ ఇమడదు, విరిచి రెండు గణాల్లో సర్దాలి. వినడానికి బాగుండదు.

రెంటికీ మూలం లాటిన్‌లో ‘ఆడు’ అనే అర్థమున్న లూడెరె ధాతువే. ఇల్యూజన్‌లో ఎదుట ఒక వస్తువు ఉంటుంది, అది ఉన్నట్టు కాక మరోలా తోస్తుంది. డెల్యూజన్ తోచడం కాదు, నమ్మడం. ఎదురు సాక్ష్యం ఎంత చూపినా సడలని తప్పు నమ్మకం అది.

గోదారిగట్టు:

మసక వెలుగులోన మసలుచు భీతుఁడై
పాముపైనఁ గాలు పడియె ననుచు
గుండె యాగి యతఁడు కుప్పగాఁ గూలెను
త్రాడు కఱచి చచ్చె త్రాచు నవ్వె

నిర్వాహకుడు: గణాలు, యతులు నిర్దుష్టం. గు–కు మైత్రి బాగుంది. ఇది ఇల్యూజనే: త్రాడు ఉంది, వెలుతురు చాలలేదు, కన్ను తప్పు చెప్పింది. గౌడపాదుల కారికల నుంచి వేదాంతులు వాడుతున్న రజ్జుసర్పం (త్రాటిని పామనుకోవడం) ఇదే. హఠాత్తు భయానికి గుండె కండరం సడలే స్థితిని జపాన్ వైద్యులు 1990లో టాకోట్సుబో పేరుతో వర్ణించారు. చాలామంది కోలుకుంటారు గానీ చావు అసంభవం కాదు, కాబట్టి కథ నిలుస్తుంది.

లోపం మరోచోట ఉంది. ఈ సమస్యకు ముడులు రెండు: త్రాడు కరవడం, త్రాచు నవ్వడం. మొదటిదే విప్పారు. పద్యంలో లేని త్రాచు చివర్లో ఎక్కడి నుంచి వచ్చి నవ్వింది?

పాలమూరు: డెల్యూజన్‌తో నా ప్రయత్నం.

దివ్వె తెచ్చి చూపి త్రాడన్న వినలేదు
విషము తలకు నెక్కె వినుఁ డటంచుఁ
గూడు నీరు మాని కొన్నాళ్ళ కొరిగెను
త్రాడు కఱచి చచ్చె త్రాచు నవ్వె

కృష్ణాతీరం: పాలమూరు గారూ, మొదటి పాదంలో యతి తప్పింది. ది–త్రా: ద, త ఒకే వర్గం కాబట్టి హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. అ, ఆ, ఐ, ఔ ఇంకో జట్టు. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అందామన్నా ‘వ్వ’కు ‘డ’కు పొత్తు లేదు. ఇలా మారిస్తే సరిపోతుంది:

దివ్వె తెచ్చి త్రాటి తీరుఁ జూపినఁ గాని

ది–తీ చెల్లుతుంది. అన్వయానికీ ఇదే మేలు.

భావం మాత్రం షరతుకు అచ్చంగా సరిపోయింది. దీపం తెచ్చేదాకా ఇల్యూజన్, తెచ్చాక కూడా నమ్మకం వదలకపోతే డెల్యూజన్. ‘కొన్నాళ్ళ’ అన్న మాట కూడా ఊరికే పడలేదు. 2013 నాటి అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణ డీఎస్ఎం-5లో డెల్యూజనల్ డిజార్డర్ అనడానికి ఆ నమ్మకం కనీసం నెల రోజులు ఉండాలి.

అయితే ఊరంతా నమ్మేదాన్ని ఒకడు నమ్మితే డెల్యూజన్ అనరు. పాము పగబడుతుందన్న నమ్మకం తప్పే కావచ్చు, జబ్బు మాత్రం కాదు. మీ పద్యంలో చుట్టుపక్కలవాళ్ళే ‘ఇది త్రాడు’ అంటున్నారు, వాడొక్కడే కాదంటున్నాడు. అందుకే నిలబడింది. త్రాచు నవ్వు ముడి ఇక్కడా మిగిలే ఉంది.

ఓరుగల్లు: ఒక సందేహం. దీపం పెట్టగానే పోయేది ఇల్యూజన్ అన్నారు. కొసల్లో బాణపు గుర్తులుండే రెండు సమాన గీతలు, ముల్లర్–లయర్ గీతల మాటేమిటి? 1889 నుంచి అందరూ చూస్తున్న బొమ్మ. స్కేలు పెట్టి కొలిచి సమానమని తెలుసుకున్నాక కూడా కొసలు బయటికి విచ్చుకున్న గీతే పొడుగ్గా కనిపిస్తుంది. దాన్నే పట్టుకుని ఒక పాదం రాశాను: ‘వెలుగు వచ్చినా భ్రమ వీడలేదు’.

కృష్ణాతీరం: మంచి ప్రశ్న. కొలిచాక కూడా కన్ను అలాగే చెబుతుంది, మీరు మాత్రం నమ్మరు. అక్కడ పోయింది తప్పు నమ్మకం, మిగిలింది తప్పు చూపు. అది ఇల్యూజనే. చూపు సరిగ్గా ఉండీ నమ్మకం చెడితే డెల్యూజన్. కాబట్టి దీపం పెట్టి పరీక్షించాల్సింది మనిషి కంటిని కాదు, నమ్మకాన్ని. ‘నాకే ఇల్యూజన్సూ లేవు’ అని ఇంగ్లీషువాళ్ళు ఆశల గురించి కూడా అంటారు. అవి కూడా నిజం తెలిస్తే సడలే రకమే.

పాదంలో గణభంగం ఉంది. వెలుగు / వచ్చి / నాభ్ర వరకు సరే, నాలుగోది ‘మవీ’ లఘువు, గురువు అయి కూర్చుంది. ‘వెలుగు వచ్చి కూడ వీడ దాయె’ అంటే ఐదూ సూర్యగణాలే, వె–వీ యతీ చెల్లుతుంది.

గోదారిగట్టు: రెండో ముడికి ఇదుగో.

పాడు కొట్టులోనఁ బాషాణ మలఁదిన
త్రాటిఁ గాంచి పాము తానె యనుచు
ముంగి సంబరాన ముందుకు లంఘించి
త్రాడు కఱచి చచ్చె త్రాచు నవ్వె

నిర్వాహకుడు: భేష్! ‘త్రాడు’ను కర్తగా చూసినంతసేపే ఇది సమస్య. జడపదం కనుక ద్వితీయ ప్రత్యయం లేకపోయినా కర్మ కావచ్చు. ముంగి (ముంగిస) త్రాటిని కరిచింది, చచ్చింది. తనను వేటాడేది చస్తే త్రాచు నవ్వక ఏం చేస్తుంది? విషం కూడా సరైనదే ఎంచుకున్నారు. ముంగి నాడీ గ్రాహకాల నిర్మాణంలో ఉన్న తేడా వల్ల త్రాచు విషం వాటికి గట్టిగా అంటుకోదు. పాషాణం (ఆర్సెనిక్) నుంచి ఆ రక్షణ లేదు, పైగా దానికి రుచీ వాసనా ఉండవు. ఒక్క చిక్కు: పాషాణం కరిచిన క్షణంలో చంపదు, గంటలు పడుతుంది. త్రాచు కాస్త ఓపిక పట్టి నవ్వి ఉంటుంది.

ఇది ఇల్యూజన్ వైపు పూరణ. డెల్యూజన్‌తో రెండు ముడులూ విప్పినవారు ఇంకా లేరు.

డల్లాస్ తెలుగు: ఆటవెలది పాదాన్ని తేటగీతిలో ఇమిడ్చాను. ‘త్రాడు కఱచి’ మూడో పాదం చివరి రెండు సూర్యగణాలు. మిగతాది నాలుగో పాదంలోకి జారింది.

వైద్యు లెందఱు చెప్పిన వదలఁ డయ్యె
విషము పూసిన దనినను వినక కడకుఁ
దాను గరుడుఁడ నని నమ్మి త్రాడు కఱచి
చచ్చె, త్రాచు నవ్వెను గదా చవటఁ జూచి

కృష్ణాతీరం: ‘త్రాచు నవ్’ రగణం, ‘వెను గదా’ నగం, రెండూ ఇంద్రగణాలే. విరుపు కుదిరింది, వై–వ, దా–త్రా యతులు చెల్లాయి. నేనే గరుత్మంతుణ్ణి అనుకోవడం గ్రాండియోస్ డెల్యూజన్. ఇందులో కన్ను ఏమీ తప్పు చెప్పలేదు. వాడికి త్రాడు త్రాడుగానే కనిపించి ఉండవచ్చు. తప్పంతా ‘నేనెవరు’ అన్న నమ్మకంలోనే ఉంది. పాముల పగవాడినని చెప్పుకున్నవాడు పోతే త్రాచు నవ్వడానికి కారణం కూడా దొరికింది. డెల్యూజన్‌తో రెండు ముడులూ విప్పి షరతుకు పూర్తిగా నిలిచింది ఇదే.

‘చవట’ మాత్రం తీసేయండి. డెల్యూజన్ జబ్బు, తెలివితక్కువతనం కాదు. వైద్యులను పద్యంలోకి తెచ్చింది మీరే కాబట్టి ఆ తిట్టు మరీ పొసగదు. చ, స మైత్రి ఉన్న హల్లులే కనుక యతి చెడకుండా ఇలా అనవచ్చు:

చచ్చె, త్రాచు నవ్వెను గదా సందుఁ జేరి