ఆఫీసు, ఇల్లు, సీఏ ఇంటర్... తల నిండిపోయింది. ఏఐతో నిజంగా ఏమైనా తగ్గుతుందా?

చెనిక్కాయల_చేను (కడప)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను కడపలో ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో అకౌంటెంట్‌ని. సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీలో మధ్య స్థాయి పరీక్ష) ఫస్ట్ గ్రూప్ పెళ్లికి ముందే అయింది, సెకండ్ గ్రూప్ అట్లే నిలబడిపోయింది. ఇప్పుడు జనవరి, మే, సెప్టెంబర్ అని ఏడాదికి 3 సార్లు పరీక్షలు పెడుతున్నారు కదా, అవకాశాలు పెరిగాయని సంతోషపడాలో, ప్రతి 4 నెలలకోసారి ఈసారి కూడా ఫీజు కట్టలేదే అని బాధపడాలో తెలియడం లేదు.

రాత్రి బాబు పడుకున్నాక గంట, గంటన్నర దొరుకుతుంది. పుస్తకం తెరుస్తాను, కాస్టింగ్ (తయారీ ఖర్చులు కట్టే పేపరు) లెక్క సగంలో ఉండగా తలలో వేరేవి మొదలవుతాయి. 7కి టీడీఎస్ కట్టాలి, 11కి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15కి పీఎఫ్, ఈఎస్ఐ, 20కి 3బీ (జీఎస్టీ కట్టే నెలవారీ రిటర్ను), ఆ బట్టల షాపాయన ఇంకా కొనుగోలు బిల్లులు పంపలేదు, మామయ్య షుగర్ మాత్రలు అయిపోవచ్చాయి, బాబుకు స్కూల్లో ఏదో చార్ట్ కావాలంట, చెల్లెలి పెళ్లికి చీరలు ప్రొద్దుటూరులో చూద్దామా ధర్మవరం పోదామా అని అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. మా ఆయనది ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. షిఫ్టు మారినప్పుడల్లా క్యారేజీ టైము, బాబును స్కూల్లో దింపే మనిషి, అన్నీ మారిపోతాయి. ఒక్కటీ పెద్ద కష్టం కాదు, అన్నీ ఒకేసారి గుర్తుకొస్తేనే టెన్షన్.

ఏఐ వాడితే తల తేలికవుతుందని వీడియోల్లో చెప్తున్నారని చాట్‌జీపీటీని టైమ్‌టేబుల్ అడిగాను. ఉదయం 5కి లేవడం, 15 నిమిషాలు ధ్యానం, తర్వాత డైరీ, తర్వాత వ్యాయామం, ఆ తర్వాత 'ఏకాగ్రతతో చదువు' 2 గంటలు అని రంగురంగుల పట్టిక ఇచ్చింది. 5కి మా వీధిలో నీళ్లొస్తాయి స్వామీ, బిందెలు ఎవరు పట్టేది? చదివాక ఇంకా నీరసం వచ్చింది, చేయాల్సిన పనుల్లోకి ధ్యానం కూడా ఒకటి చేరింది.

ఎవరైనా నిజంగా ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ దీన్ని వాడి ఏదైనా సాధించారా? ఎట్లా వాడాలో చెప్పండి. కోర్సులు అమ్మేవాళ్లు దయచేసి పక్కకు జరగండి.

ఉగ్గాణి_బజ్జి (కర్నూలు)

అక్కా, టైమ్‌టేబుల్ అడిగితే ఎవరికైనా అదే వస్తుంది. మీ ఇంట్లో నీళ్లు ఎప్పుడొస్తాయో, మీ ఆయన ఏ షిఫ్టులో ఉన్నారో దానికి తెలియదు కదా, తెలియనప్పుడు ఎక్కడో ఒంటరిగా ఫ్లాట్‌లో ఉండే మనిషిని ఊహించుకుని రాసేస్తుంది.

నేను కర్నూలులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, అమ్మానాన్నలు నాతోనే. నేను చేసేదేమంటే, రాత్రి భోజనం అయ్యాక ఫోన్‌లో మైక్ నొక్కి తలలో ఉన్నదంతా తెలుగులోనే ఒక వరస లేకుండా చెప్పేస్తా. గూగుల్ జెమినైలో అయినా చాట్‌జీపీటీలో అయినా తెలుగు మాట బాగానే పడుతుంది, మన యాసకు అక్కడక్కడ తప్పులు రాస్తుంది కానీ భావం పట్టుకుంటుంది. చివర్లో ఇట్లా అంటా: "నేను చెప్పినవాటిని తేదీ ఉన్నవి, వేరేవాళ్లు చేయగలిగినవి, నేను ఇంకా తేల్చుకోనివి అని విడదీయి. సలహాలు వద్దు. కొత్త పని ఏదీ చేర్చొద్దు. తేల్చుకోనివాటి మీద ఒక్కో ప్రశ్న అడుగు, నేను జవాబిచ్చాకే రెండోది." ఆ 'కొత్త పని చేర్చొద్దు' అన్న మాట లేకపోతే మళ్లీ ధ్యానం పట్టుకొస్తుంది, జాగ్రత్త.

అసలు లాభం ఆ మూడో గుంపులో ఉంది. చీరల సంగతే చూడండి. అది పని కాదు, ఇంకా తీసుకోని నిర్ణయం. అమ్మతో ఎప్పుడు మాట్లాడాలి, బడ్జెట్ ఎంత, ఎవరెవరికి తీసుకోవాలి అని అది మూడు ప్రశ్నలు అడిగితే, ఆదివారం మధ్యాహ్నం అమ్మకు ఫోన్ అని ఒక్క ముక్క తేలుతుంది. దాంతో ఆ రాత్రికి చీరలు తలలోంచి దిగిపోతాయి.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2011లో మసికాంపో, బామైస్టర్ అని ఇద్దరు సైకాలజిస్టుల పరిశోధన ఉంది. సగంలో ఉన్న పని వేరే పని మీద ధ్యాసను చెడగొడుతుంది, కానీ దాన్ని ఎప్పుడు, ఎట్లా చేస్తామో స్పష్టంగా అనుకుంటే, పని ఇంకా అవ్వకపోయినా ఆ చెడగొట్టడం తగ్గిపోతుంది అని వాళ్లు చూశారు. అంటే రాత్రి 9కే అన్నీ పూర్తి కానక్కర్లేదు, ఎప్పుడు చేస్తామో తేలితే చాలు.

ఇంకో విషయం, తేదీలను చాట్‌లో వదిలేయొద్దు. చాట్ మీకు తనంతట తాను గుర్తు చేస్తుందని నమ్మితే మునిగినట్టే. 7, 11, 15, 20 ప్రతి నెలా వచ్చేవే కదా, వాటికి ఏఐ ఎందుకు? గూగుల్ క్యాలెండర్‌లో ఒకసారి 'ప్రతి నెలా' అని పెట్టేస్తే అయిపోయింది, 3 రోజుల ముందు ఒకటి, ఆ రోజు పొద్దున ఒకటి మోగేట్టు. జెమినైకి చెప్తే క్యాలెండర్‌లో అదే ఎక్కిస్తుంది, కానీ సరిగా ఎక్కిందో లేదో ఒకసారి తెరిచి చూసుకోండి.

పెన్నొడ్డు_పెద్దమ్మ

ఏం పాపా, అంతా చదివినా. మాత్రలు నువ్వే తేవాల, చార్ట్ నువ్వే, క్యారేజీ నువ్వే, చీరలు నువ్వే. మీ ఆయన ఫోన్‌లో ఏ ఏఐ లేదా? మామయ్యకు మాత్రలు తెచ్చేది కొడుకు పని కాదా? నువ్వు మిషన్‌తో ఎంత మాట్లాడినా బిందె అది పట్టదు, ఇంట్లోవాళ్లతో ఒక మాట మాట్లాడు ముందు. బ్యాంకులో పనిచేసి రిటైరయినా, నా ఇద్దరు పిల్లలు చదువుకున్నది ఇట్లనే, ఎవరి పని వాళ్లకు అప్పజెప్తేనే.

చెనిక్కాయల_చేను (కడప)

పెద్దమ్మా, మీరన్నది నిజమే, చెప్పడానికి బాగుంది, కానీ చెప్పేదే ఒక పని కదా. "మాత్రలు తీసుకురా" అంటే "ఏ మాత్రలు, ఎన్ని, ఏ షాపు" అని ఫోన్ వస్తుంది, ఆ మూడు జవాబులు చెప్పేలోపు నేనే పోయి తెచ్చేస్తా.

ఉగ్గాణి అన్నా, మీ పద్ధతి ఇవాళే చూస్తా. ఇంకో ప్రశ్న. ఆఫీసులో క్లయింట్ల పని కూడా దీనికి అప్పజెప్పొచ్చా? బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టి ఎంట్రీలు వేయించుకోవచ్చని మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి అంటున్నాడు.

3బీ_రాత్రి (అనంతపురం)

ఆ చివరి ప్రశ్న చూసి లాగిన్ అయ్యా. వద్దమ్మా, వద్దు. నేను అనంతపురంలో జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని. క్లయింట్ బ్యాంకు స్టేట్‌మెంట్ అంటే పాన్, ఖాతా నంబరు, ఎవరితో ఎంత లావాదేవీ, ఇంటి గుట్టంతా అందులో ఉంటుంది. ఉచిత ఖాతాల్లో మనం పెట్టింది ఏఐ మోడల్ శిక్షణకు వాడుకునే అవకాశం ఉంటుంది, సెట్టింగుల్లో ఆపుకోవచ్చు, కానీ ఆపుకున్నా సరే, క్లయింట్ నీ దగ్గర పెట్టిన కాగితాన్ని అడగకుండా బయటి కంపెనీ సర్వర్‌కు పంపే హక్కు మనకు లేదు. సీఏలకైతే 1949 చట్టం కిందే క్లయింట్ సమాచారం అనుమతి లేకుండా బయటపెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. నువ్వు చదువుతున్న అయిదో పేపరు ఆడిటింగ్ అండ్ ఎథిక్స్‌లోనే గోప్యత మీద ఉంది, అది ఆ అబ్బాయికి కూడా చదివి వినిపించు.

రెండోది, పన్ను విషయాల్లో దాని మాట చివరి మాటగా తీసుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం స్లాబులు చాలావరకు పోయాయి, 5, 18, కొన్నిటికి 40 అయ్యాయి. ఇంటర్నెట్‌లో వెతక్కుండా పాత జ్ఞాపకం మీద జవాబిస్తే ఇంకా పాత రేటే చెప్తుంది, అదీ ఎంతో ధీమాగా. ఆదాయపు పన్నుదీ అంతే, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం, సెక్షన్ల నంబర్లే మారాయి. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారులకు 3బీ గడువు మన రాష్ట్రంలో 22, కొన్ని రాష్ట్రాలకు 24. ఇట్లాంటి చిన్న తేడాల దగ్గర దొరికిపోతుంది అది. పోర్టల్‌లో చూసుకున్నదే నమ్మాలి.

మరి నేను దేనికి వాడతానంటే, రాయడానికి. బిల్లులు పంపని క్లయింటుకు పదోసారి మర్యాదగా మెసేజ్ రాయాలంటే మనకు ఒళ్లు మండుతూ ఉంటుంది, దానికి మండదు. పేరు, నంబర్లు లేకుండా "10వ తేదీలోపు కొనుగోలు బిల్లులు పంపమని, రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు పడుతుందని, సున్నా రిటర్నుకైతే 20 అని, నొప్పించకుండా తెలుగులో నాలుగు లైన్లు" అంటే రాసిస్తుంది. అట్లాంటివి ఒక అయిదారు తయారు చేసి వాట్సాప్‌లో దాచుకో. ప్రతి నెలా పంపేటప్పుడు ఆలోచించే పనే ఉండదు. నీ బట్టల షాపాయనకు ఇవాళే పంపు.

గడియారస్తంభం_గల్లీ

ఒక్క ముక్క. మా తమ్ముడు గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు, రోజూ ఏఐతో కొత్త ప్లాన్ వేయించుకుంటాడు. 90 రోజుల ప్లాన్, 60 రోజుల ప్లాన్, ఒకరోజు తప్పిపోతే మళ్లీ మొత్తం మార్చిన ప్లాన్. పీడీఎఫ్‌లు చూస్తే ముచ్చటేస్తుంది, పాలిటీ పుస్తకం మాత్రం కొత్త వాసన పోలేదు. ప్లాన్ వారానికి ఒకసారే అని పెట్టుకోండి, అంతే.

ఉగ్గాణి_బజ్జి (కర్నూలు)

😀 మా ఆఫీసులో కూడా ఉన్నారు అట్లాంటోళ్లు.

అక్కా, మీరు పెద్దమ్మకు ఇచ్చిన జవాబు గురించి. "చెప్పేదే ఒక పని" అన్నారు కదా, సరిగ్గా అక్కడే ఏఐని పెట్టండి. మాత్రల పేర్లు, ఎంత మోతాదు, పూటకెన్ని, నెలకెన్ని కావాలి, ఏ మెడికల్ షాపు, ఎప్పటికి అయిపోతాయి, అన్నీ ఒకసారి చెప్పి "ఇల్లు తెలియని మనిషికి కూడా అర్థమయ్యేట్టు రాయి" అనండి. మందుల పేర్లు మటుకు డాక్టరు చీటీతో మీరే సరిచూడండి, అందులో దాన్ని నమ్మొద్దు. ఆ మెసేజ్‌ను ఇంటి వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసేయండి. షిఫ్టులకూ అంతే, ఆయన ఏ షిఫ్టులో ఉంటే క్యారేజీ ఎన్నింటికి, బాబును ఎవరు దింపాలి అని మూడు షిఫ్టులకు మూడు పేరాలు. తర్వాత ఫోన్ వస్తే "గ్రూపులో ఉంది చూడు" అని పెట్టేయడమే. మొదటి నెల ఎట్లాగూ అడుగుతారు, మీరు జవాబు చెప్పకూడదు. అది ఏఐ చేతిలో లేదు, మీ నోటి చేతిలోనే ఉంది.

పెన్నొడ్డు_పెద్దమ్మ

ఇది బాగుంది. గ్రూపులో మీ ఆయన పేరు కూడా రాయి పాపా, "ఎవరైనా" అని రాస్తే ఆ ఎవరైనా నువ్వే అవుతావు.

చెనిక్కాయల_చేను (కడప)

పెద్దమ్మా 🙏 రాసేశా, పేరుతో సహా. చూసి "ఇదేంది ఆఫీస్ ఆర్డర్ మాదిరి ఉంది" అన్నాడు, కానీ మామయ్య మాత్రల ఫోటో తీసుకుని దాచుకున్నాడు.

నిన్న రాత్రి ఉగ్గాణి అన్న చెప్పినట్టు మైక్‌లో చెప్పా. చార్ట్ సంగతి బాబుదే, వాడినే మేనత్తతో షాపుకు పంపొచ్చని తేలింది, నాకు ఎందుకు తట్టలేదో మరి. బ్యాంకు స్టేట్‌మెంట్ల విషయం మా సార్‌కు కూడా చెప్పా, ఆఫీసులో ఎవరూ పెట్టొద్దన్నారు.

ఇక చదువు. కాస్టింగ్ లెక్కలు దానితో చేయిస్తే ఒక్కోసారి చివరి అంకె తప్పు వస్తోంది. ఎట్లా చదువుతున్నారు మీరంతా దీంతో?

3బీ_రాత్రి (అనంతపురం)

లెక్క దానితో చేయించొద్దు, నువ్వే చేయి. పరీక్షలో పెన్ను పట్టేది నువ్వు కదా. నువ్వు చేసిన స్టెప్పులు టైప్ చేసి ఎక్కడ దారి తప్పానో చూడమను, జవాబు మటుకు సీఏ ఇన్‌స్టిట్యూట్ మెటీరియల్‌తో సరిచూసుకో. థియరీకి, అంటే ఆడిటింగ్‌కూ, ఆరో పేపర్లో స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్‌కూ, గూగుల్ వాళ్ల నోట్‌బుక్ఎల్ఎమ్ అనే ఏఐ చూడు. ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో మెటీరియల్ ఉచితమే, ఒక్కో చాప్టర్ పీడీఎఫ్ అందులో వేస్తే నువ్వు వేసిన దాంట్లోంచే జవాబు వెతుకుతుంది, ఏ చోట ఉందో చూపిస్తుంది. ఊహించి చెప్పడం బాగా తగ్గుతుంది. "నాకు వివరించు" అనడం కంటే "ఈ చాప్టర్ మీద నన్ను 10 ప్రశ్నలు అడుగు, తప్పయితే ఏ పేజీ చదవాలో చెప్పు" అను, రాత్రి గంటన్నరకు అది సరిపోతుంది.

పేపరుకు 40, గ్రూపు మొత్తంలో 50 శాతం రావాలి. నువ్వు లెక్కల మనిషివి కాబట్టి కాస్టింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో మార్కులు లాగొచ్చు, థియరీలో 40 దాటితే గట్టెక్కొచ్చు. నెలలో 12 నుంచి 18 వరకు కొంచెం ఊపిరాడుతుంది మన పనిలో, పీఎఫ్ ముందే కట్టేసుకుంటే. బరువైన చాప్టర్లు అప్పుడు పెట్టుకో. 18 తర్వాత 3బీ అయ్యేవరకు పుస్తకం జోలికి పోవద్దు, పోయినా ఎక్కదు.

చెనిక్కాయల_చేను (కడప)

సరే సార్, 12కి కాస్టింగ్‌లో ప్రాసెస్ కాస్టింగ్ మొదలుపెడతా. క్యాలెండర్‌లో పెట్టేశా, మోగేట్టు.