కొత్తగా వచ్చాం: ఫోన్లు కలవనప్పుడు ఊళ్లోవాళ్లకు కబురెట్లా?

మిర్యాలగూడ నుంచి, ఇప్పుడు ప్లేనో

అందరికీ నమస్కారం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప డాలస్ పక్కన ప్లేనోకు వచ్చి మూడు వారాలైంది. మొన్న రాత్రి ఎనిమిదింటికి మా ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మొత్తుకున్నాయి. టోర్నడో వార్నింగ్. పాపను ఎత్తుకుని, దుప్పట్లు కప్పుకుని బాత్రూంలో కూర్చున్నాం. ఇరవై నిమిషాల్లో అయిపోయింది, మాకేం కాలేదు.

అసలు గొడవ ఊళ్లో జరిగింది. అక్కడ అప్పటికి పొద్దున ఆరున్నర. టీవీలో కింద అక్షరాలు పోతున్నాయట, టెక్సాస్‌లో సుడిగాలి అని. మా బాత్రూంలో సిగ్నల్ లేదు. బయటికొచ్చి చూస్తే అమ్మవి 31 మిస్డ్ కాల్స్, మామయ్యవి 12. చిన్నాన్న అప్పటికే హైదరాబాద్‌లో తెలిసినవాళ్లను పట్టుకుని ఎంబసీ నంబర్ అడుగుతున్నాడు. నాయినకు బీపీ. మళ్లీ ఇట్లాంటిది వస్తే ఏం చేయాలి? మీరంతా ఏం చేస్తున్నారు?

దేవరకొండ నుంచి, హ్యూస్టన్‌లో 16 ఏళ్లు

తమ్ముడూ, బాత్రూంలోకి పోవడం కరెక్టే, దాని గురించి చెప్పేదేం లేదు. మిగతాదంతా ఇంట్లోవాళ్లతో ముందే ఒక మాట అనుకోకపోవడం వల్ల వచ్చిన గోల. మొదటి ఏడు మాకూ ఇదే అయింది.

ముందు ఒక మధ్య మనిషిని పెట్టుకో. ఆ మనిషి టెక్సాస్‌లో ఉండొద్దు, మిర్యాలగూడలోనూ ఉండొద్దు. మాకు న్యూజెర్సీలో ఉండే మా మరదలు. ఇక్కడ ఏమైనా మేం ఆమె ఒక్కదానికే మెసేజ్ పెడతాం. దేవరకొండలో అమ్మకు, నల్లగొండలో అత్తమ్మకు, హైదరాబాద్‌లో తమ్ముడికి ఆమె చెప్తుంది. వాళ్లంతా ఆమెకే చేస్తారు, మాకు చేయరు. ఒక ఊరికి ఆపద వస్తే ఊరంతా ఒక్కసారే ఫోన్లు పట్టుకుంటది, లైన్లు నిండిపోతాయి. అట్లాంటప్పుడు కూడా వేరే రాష్ట్రంలో ఉన్న మనిషిని పట్టుకోవడం కొంత సులువు. పైగా 31 కాల్స్ నీ ఫోన్ బ్యాటరీని కూడా తింటాయి.

రెండోది, అట్లాంటప్పుడు కాల్ కంటే మామూలు ఎస్సెమ్మెస్ మేలు. వాట్సాప్ కాదు, ఫోన్‌తో పాటు వచ్చే మెసేజ్. చిన్నది కాబట్టి సందు దొరికినప్పుడు పోతది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి లక్షల ఇళ్లకు కరెంటు పోయింది కదా, సోమవారం తెల్లవారి లేచేసరికి మాకూ లేదు. నా ఫోన్‌లో 9 శాతం. కాల్ కలవలేదు, వాట్సాప్‌లో గడియారం గుర్తు పడి అట్లే ఉంది. మరదలికి ఎస్సెమ్మెస్ కొట్టాను: "నలుగురం క్షేమం, ఇంట్లోనే ఉన్నాం. కరెంటు లేదు. ఫోన్ ఆపేస్తున్నా. రేపు పొద్దున 8కి మళ్లీ మెసేజ్ పెడతా." నలభై నిమిషాలకు పోయింది. ఆ ఆఖరి ముక్క చూడు, మళ్లీ ఎప్పుడు చెప్తానో అన్నది. అది లేకపోతే గంటకే "ఏం కాలె అన్నడు, మళ్ల ఫోన్ బంద్ పెట్టిండు, ఏందో దాస్తున్నడు" అని మొదలైతది. ఆ టైమ్ చెప్పడం వల్ల మా అమ్మ ఆ రాత్రి పడుకుంది.

ఫోన్ ఛార్జింగ్ కోసం కారు స్టార్ట్ చేయాల్సి వస్తే బయటికి తీసుకొచ్చి చెయ్యి. గరాజ్‌లో చేయొద్దు, తలుపు తీసి కూడా చేయొద్దు. ఆ చలిలో కార్బన్ మోనాక్సైడ్‌తో చాలామంది పోయారు.

ఇంకోటి. మనవాళ్లకు టెక్సాస్ అంటే ఒక ఊరు. 2017లో హ్యూస్టన్ మునిగినప్పుడు డాలస్‌లో ఉన్న మా దోస్తు వాళ్లమ్మ కూడా అన్నం మానేసింది. ఈ రెండు ఊళ్ల మధ్య దాదాపు 385 కిలోమీటర్లు ఉంటాయి. మీ అమ్మానాయినలకు మీ ఊరి పేరు, కౌంటీ పేరు రాసివ్వు. టీవీలో ఆ పేరు వస్తేనే కంగారుపడమను.

వనపర్తి నుంచి, ఫ్రిస్కో

అన్న చెప్పింది ఇంటికి కబురు గురించి. నేను 911 గురించి చెప్తా, అంటే ఇక్కడ ఆంబులెన్స్‌కు, పోలీసులకు, ఫైర్‌కు చేసే నంబర్. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

911 చేస్తే వాళ్లు మొదట అడిగేది ఎక్కడున్నారని. మేం కొత్తలో ఉన్న అపార్ట్‌మెంట్లో 14 బిల్డింగులు, అన్నీ ఒకటే తీరు. మా అత్తమ్మ పడిపోయిన రోజు మా ఆయనకు వీధి నంబర్ గుర్తుంది, బిల్డింగ్ నంబర్ నోటికి రాలేదు, గేటు కోడ్ అసలే రాలేదు. ఆంబులెన్స్ గేటు దగ్గర ఆగితే నేను చెప్పుల్లేకుండా ఉరికాను. ఆ రాత్రే పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను: ఇంటి నంబర్, బిల్డింగ్, ఎన్నో అంతస్తు, గేటు కోడ్. మీ ఆవిడ చేత, పాప చేత అడ్రస్ చెప్పించండి. నాలుగేళ్ల పిల్లకు పాటలా నేర్పితే వస్తుంది.

వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు ఇంటి ఇంటర్నెట్ మీద కాల్ పోయేట్టు, పెట్టుకుని ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అడ్రస్ అని ఒకటి ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని మార్చాలి. మార్చకపోతే పాత ఇంటికి పోయే ప్రమాదం ఉంది.

ఇంగ్లిష్ రానివాళ్లు ఇంట్లో ఉంటే "తెలుగు" అన్న ఒక్క మాట గట్టిగా చెప్పమనండి. చాలా 911 కేంద్రాలు ఫోన్‌లోనే దుబాసీని కలుపుతాయి. కొంచెం టైమ్ పడుతుంది, పెట్టేయకూడదు. పొరపాటున నొక్కినా పెట్టేయకుండా పొరపాటు అని చెప్పాలి. మాట్లాడలేని పరిస్థితిలో 911కు మెసేజ్ కూడా చాలాచోట్ల పోతుంది, అన్నిచోట్లా కాదు. లేనిచోట పోలేదని తిరిగి మెసేజ్ వస్తుంది.

ఫోన్‌కు వచ్చే అలర్టుల్లో టోర్నడో వాచ్ అంటే వచ్చే సూచన ఉంది. వార్నింగ్ అంటే వచ్చేసింది, లోపలికి పోవాలి. ఇక మన డాలస్ వైపు నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి మోగే ఊరి సైరన్ టెస్ట్ మాత్రమే, బాత్రూంలోకి ఉరకకండి. 2017 ఏప్రిల్‌లో ఎవరో డాలస్ సిటీ సైరన్లు 156 హ్యాక్ చేసి అర్ధరాత్రి మోగించారు, ఆ రాత్రి మేం నిజంగానే ఉరికాం.

అలంపూర్ నుంచి, ఎడిసన్

అందరూ ఇక్కడి నుంచి అక్కడికి చెప్తున్నారు. అక్కడేమైనా అయితే? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు మా మేనమామ జాడ నాకు రెండు రోజులు తెలియలేదు. నా దగ్గర ఆయన నంబర్ ఒక్కటే ఉంది. ఆ ఫోన్ నీళ్లలో ఉంది.

కాబట్టి ఇంటి నంబర్ కాకుండా ఇంకో మూడు కావాలి. వాడకట్టులో ఒకరు, బండి ఉన్నవాళ్లు అయితే మంచిది. మీ ఇంటి తలుపు పోయి కొట్టగలిగే కిరాణం దుకాణం మనిషి ఒకరు. మీ ఊళ్లో కాకుండా పక్క మండలంలో చుట్టం ఒకరు. నాయినకు రాత్రి గుండెలో నొప్పి వస్తే అమెరికా నుంచి 108 కొట్టలేరు. 112 కూడా అంతే, అక్కడి ఫోన్ నుంచే చేయాలి. పక్కింటాయనను లేపితే ఆయన చేస్తాడు. మీ పోలీస్ స్టేషన్, దవాఖాన ల్యాండ్‌లైన్ నంబర్లు కోడ్‌తో సహా రాసిపెట్టుకోండి. బయటి దేశం నుంచి చేసేటప్పుడు ముందరి సున్నా తీసేయాలి. నల్లగొండ కోడ్ 08682 అయితే ప్లస్ 91 కొట్టి 8682, మహబూబ్‌నగర్‌కు 8542. ఈ సున్నా దగ్గరే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశా.

సూర్యాపేట నుంచి, ఆస్టిన్

హామ్ రేడియో కూడా చూడండి, అంటే లైసెన్స్ తీసుకుని మామూలు జనం వాడే వైర్‌లెస్ సెట్. మొదటి లైసెన్స్‌కు టెక్నీషియన్ పరీక్ష, అందులో 35 ప్రశ్నలు, 26 వస్తే పాస్. సిటిజన్ కానక్కర్లేదు. సెల్ టవర్లు పడిపోయినా పని చేస్తుంది.

దేవరకొండ నుంచి, హ్యూస్టన్‌లో 16 ఏళ్లు

అవన్నీ తర్వాత తమ్ముడూ, ముందు కాగితం రాయనీ.

మక్తల్ నుంచి, షార్లట్

మా నాయిన పూనాలో మట్టి పనికి పోయేవాడు. మా వాడకట్టులో ఫోన్ ఒక్క కిరాణం దుకాణంలోనే ఉండేది. ఆదివారం పొద్దున రెండుసార్లు మోగి ఆగితే నాయిన క్షేమం. మూడోసారి కూడా మోగితే దుకాణపాయన ఎత్తి అమ్మను పిలిపించేవాడు. పైసా ఖర్చు లేదు. ఇప్పుడు మా అమ్మకు మెసేజ్ చదవడం రాదు కాబట్టి నేనూ అదే పెట్టుకున్నా. ఒక్క రింగు క్షేమం, ఆగకుండా మోగితే ఎత్తాలి. ఒకటి గుర్తుంచుకోండి, ఇక్కడి నుంచి చేస్తే అక్కడ మన నంబరే పడుతుందని గ్యారంటీ లేదు, ఒక్కోసారి ఏదేదో పడుతుంది. ముందే నాలుగైదుసార్లు చేసి చూసుకోండి.

వనపర్తి నుంచి, ఫ్రిస్కో

ఆ మాటతో గుర్తొచ్చింది. వేరే నంబర్ నుంచి మీ గొంతుతోనే "యాక్సిడెంట్ అయింది, పైసలు పంపు" అని ఎవడైనా చేయొచ్చు, ఇప్పుడు గొంతులు కూడా తయారు చేస్తున్నారు. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. మాది ఒకప్పుడు మా ఇంట్లో ఉన్న ఎద్దు పేరు, ఇక్కడ రాయను. ఆ మాట చెప్పనివాడికి రూపాయి కూడా పంపొద్దని అమ్మకు చెప్పాను. పొరపాటున పంపితే అక్కడ వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి చేయాలి.

మిర్యాలగూడ నుంచి, ఇప్పుడు ప్లేనో

అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం కూర్చుని చేశాం. మధ్య మనిషి మా బావ, సియాటిల్. నా పర్సులో, మా ఆవిడ పర్సులో, పాప స్కూల్ బ్యాగులో ఒక్కో కార్డు పెట్టాం, బావ నంబర్, ఇంటి అడ్రస్ రాసి. ఫోన్ పోతే నాకు మా ఆవిడ నంబర్ కూడా నోటికి రాదని అప్పుడే తెలిసింది.

రాత్రి ట్రయల్ కూడా వేశాం. బావకు మెసేజ్ పెట్టాను, ఆయన మిర్యాలగూడకు చేశాడు. బావ నంబర్ అమ్మ క్యాలెండర్ మీద రాసుకుంది, నాయిన బీరువా తలుపు లోపల రాసుకున్నాడు. వీడియోలో చూపించమని అడిగితే క్యాలెండర్ మీద తొమ్మిదే అంకెలున్నాయి. మళ్లీ చదివి రాయించాను. అంతా అయ్యాక అమ్మ, "సరే గానీ, బావ ఫోన్ ఎత్తకపోతే నీకే చేస్తా" అంది. రెండో మధ్య మనిషి కోసం చూస్తున్నా.