పాత మర్ఫీ రేడియో చెక్కపెట్టెకు మళ్లీ పాలిష్ పట్టించాలి: చేసినవారు అనుభవాలు చెప్పగలరు

తాతగారి రేడియో, బ్రహ్మపురం

మా తాతగారు వాడిన మర్ఫీ వాల్వు రేడియో ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇంటి కప్పు కారి, ఆ నీరంతా ఈ పెట్టె మీద పడింది. అప్పటి నుంచి పై పలక మీద తెల్లని పొర కమ్ముకొని ఉంది. ఎడమ మూలన ఒక నల్లని మరక, అడుగు అంచున లేచి నిలబడిన వెనీరు (పైన అతికించిన పలుచని చెక్కపొర), మిగిలిన చోట్ల ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు వారిన పాలిష్, ఇదీ దాని పరిస్థితి. ఇక్కడి వడ్రంగి ఒకరు మిషనుతో మొత్తం రుద్దేసి పీయూ (పాలియురేథేన్) పాలిష్ కొట్టిస్తే అద్దంలా తయారవుతుందని అంటున్నారు. ఆ మాటకు నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లక్కపాలిష్, పర్లాకిమిడి

దయచేసి ఆ మిషనును పెట్టె దగ్గరికి రానివ్వకండి. బయటికి మంచి కలపలా కనిపించేది నిజానికి ప్లైవుడ్ మీద అతికించిన పలుచని పొర. దాని మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మిషను ఒక్క క్షణం ఒకే చోట ఆగిందంటే ఆ పొర అరిగిపోయి కింది ప్లైవుడ్ బయటపడుతుంది, ఆ తరువాత ఏ పాలిషూ దాన్ని దాచలేదు.

ముందుగా తేల్చుకోవలసింది దాని మీద ఉన్న పూత ఏమిటన్నది. పెట్టె వెనుక అంచున, ఎవరికీ కనిపించని చోట, దూదిని స్పిరిట్‌లో ముంచి కాసేపు అద్ది ఉంచండి. పూత మెత్తబడి దూదికి అంటుకుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగకుండా థిన్నరుకు కరిగితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే మెరుపు పూత. 1940లు, 50ల నాటి ఫ్యాక్టరీ పెట్టెల మీద ఎక్కువగా ఉండేది ఇదే. రెండింటికీ చలించకపోతే ఎవరో తరువాతి కాలంలో వేయించిన వార్నిష్ కావచ్చు. కొన్ని జర్మన్ సెట్ల మీద ఉండే గట్టి పాలియెస్టర్ పూత కూడా అలాగే మొండికేస్తుంది గాని, మీది మర్ఫీ కనుక దాని గురించి దిగులు అక్కరలేదు.

ఇక మరకల సంగతి. తెల్లని పొర అంటే తేమ పూతలోనే చిక్కుకుందని అర్థం, చెక్క క్షేమంగానే ఉందన్నమాట. లక్క అయితే స్పిరిట్ చుక్కలు వేసి దాదాపు ఆరనిచ్చిన గుడ్డతో పైపైన తేలికగా ఒక్కసారి తుడిచినా చాలావరకు పోతుంది. నల్లని మరక మాత్రం చెక్కలోకి దిగింది. పూత తీసేశాక ఆ భాగానికి ఆక్సాలిక్ ఆమ్లాన్ని వేడినీళ్లలో కలిపి పూసి, తరువాత మంచినీటితో రెండుమూడు సార్లు తుడిచి బాగా ఆరబెట్టాలి. అది విషం. చేతులకు తొడుగులు వేసుకోండి, ఎండిన పొడి ముక్కులోకి పోకుండా చూసుకోండి.

వాల్వుసెట్టు, జయపురం

పాలిష్ మాట తరువాత. ముందు లోపలి సెట్టును బయటికి తీయాలి, ఈ విషయంలో తొందర పనికిరాదు. ప్లగ్గు పీకిన తరువాత కూడా కరెంటును నిలవ ఉంచుకొనే ఫిల్టరు కండెన్సర్లలో రెండు మూడు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. తెలిసిన మెకానిక్కు చేత వాటిని డిశ్చార్జి చేయించి, అప్పుడే మరలు విప్పండి. నాబులు లాగితే రాకపోతే బలం చూపకండి; వాటి పక్కన చిన్న రంధ్రంలో మర ఉంటుంది, కొన్నిటిలో ఆ రంధ్రాన్ని మైనంతో పూడ్చి ఉంచుతారు. మీది ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే సెట్టయితే లోపలి ఇనుప చట్రానికే కరెంటు తగిలే వీలుంది కాబట్టి, పనంతా అయ్యాక ఆ మైనాన్ని తిరిగి పెట్టాలి, వెనుక అట్టను కూడా తప్పకుండా బిగించాలి.

డయలు గాజు గురించి ఒక మాట. స్టేషన్ల పేర్లు, అంకెలు గాజు వెనుక వైపున అచ్చయి ఉంటాయి. వెనుక వైపు తడిగుడ్డ పెట్టారంటే, అవి గుడ్డతో పాటే వచ్చేస్తాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి. స్పీకరును, దాని ముందున్న గుడ్డను కూడా విప్పి వేరే గదిలో పెట్టండి. చెక్కను ఇనుప పీచుతో రుద్దేటప్పుడు రాలే సన్నని నూగు స్పీకరు అయస్కాంతానికి అంటుకొని లోపలి కాయిల్ సందులో చేరితే, ఇక ఆ స్పీకరు గరగరమంటూనే ఉంటుంది.

టేకుమాను, సిరోంచ

లేచిన వెనీరు గురించి నేను చెబుతాను. మా ఆలాపల్లి అడవుల టేకుతో పనిచేసే ఇంట్లో పుట్టినవాణ్ని, పాత అతుకులు చాలా విప్పాను. ఆ కాలపు పెట్టెల్లో చాలావాటికి జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన జిగురే వాడేవారు, వడ్రంగులు దాన్ని వజ్రం అంటారు. దానిలోని గొప్ప గుణం ఏమిటంటే, ఎన్నేళ్లయినా తడి వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. లేచిన చోట తడిపి పిండిన గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను ఓ మోస్తరు వేడి మీద కొద్దికొద్దిగా ఆనించండి. వెనీరు వంగడానికి ఒప్పుకోగానే ప్లాస్టిక్ కాగితం వేసి, పైన చదునైన చెక్కముక్క పెట్టి, బిగింపు వేసి మరునాటి దాకా కదపకండి. ప్లాస్టిక్ లేకపోతే ఆ చెక్కముక్క కూడా అతుక్కుపోతుంది. పాత వజ్రం పొడిపొడిగా రాలిపోతుంటే మాత్రం దాన్ని గీకి తీసేసి, కొత్త వజ్రాన్ని నీళ్లలో నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి పూయాలి. నేరుగా మంట మీద పెట్టి మరిగిస్తే దాని పట్టు పోతుంది. ఇస్త్రీ వేడికి పై పూత తెల్లబడుతుంది కనుక ఈ పనంతా పాలిష్‌కు ముందే ముగించాలి.

చెక్కపని, ధర్మాబాద్

పెద్దలు చెప్పినవన్నీ సరే గాని, పర్లాకిమిడి వారితో ఒక విషయంలో నాకు ఏకీభావం లేదు. పై పలక అంత దెబ్బతిన్నప్పుడు పాత పూతనే పట్టుకొని వేలాడటం వల్ల ప్రయోజనం తక్కువ. పెట్టె మీద మొదట ఉన్నది లాకరే అయితే, దాన్ని పూర్తిగా తీసి మళ్లీ లాకరే స్ప్రే చేయించడం అసలు రూపానికి దగ్గరగా ఉంటుంది. మెరుగు కోసం లక్క పూస్తే అందంగానే ఉంటుంది, కానీ అది ఫ్యాక్టరీలో వేసిన పూత కాదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది గమనించరు. ముందువైపు అంచులు, కింది పట్టీలు చాలా పెట్టెల్లో చవకరకం తెల్లచెక్కతో చేసి, రంగు కలిపిన లాకరు కొట్టి వాల్‌నట్ చెక్కలా కనిపించేట్టు చేసేవారు. పూత తీసేస్తే ఆ రంగు కూడా దానితోనే పోయి పెట్టె రెండు రంగుల్లో తేలుతుంది. అందుకే విప్పకముందే పగటి వెలుతురులో నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

లక్కపాలిష్, పర్లాకిమిడి

ధర్మాబాద్ మిత్రులు అంచుల గురించి చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నేను పై పలక మీది పూతను మాత్రమే పూర్తిగా తీయమంటాను. పక్కలను, ముందుభాగాన్ని కేవలం శుభ్రం చేసి, లాకరైతే కొద్దిపాటి థిన్నరుతో కుంచె వేసి ఆ పగుళ్లను వాటిలో అవే కలిసిపోనివ్వాలి. ఇంగ్లండులో 1930లలో ఆర్.డి. రసెల్ మర్ఫీ పెట్టెలకు రూపకల్పన చేసినప్పుడు చెక్కడాలు, నగిషీలు పెద్దగా పెట్టలేదు. చెక్క చారల అందమే కనిపించాలన్నది ఆయన పద్ధతి. ఆ చారల మీద మందపాటి పీయూ పొర వేయించడం నాకు బాధగా తోస్తుంది.

లక్క వేయదలిస్తే లీటరు స్పిరిట్‌కు సుమారు 200 గ్రాముల లక్క రేకులు వేసి రాత్రంతా నాననిచ్చి, పలుచని గుడ్డతో వడకట్టండి. పాత స్టాకు రేకులు సరిగా కరగవు, కలిపిన లక్క కూడా నెలల తరబడి నిలవ ఉంటే వేశాక జిగటగానే ఉండిపోతుంది. 320 నంబరు ఉప్పుకాగితంతో చారల వెంబడే, చేత్తోనే రుద్దండి. చిన్న గుంటలకు సుద్దపొడిలో చెక్కకు తగిన రంగు కలిపి లప్పం పెట్టండి. ఆ తరువాత దూదిని మెత్తని నూలుగుడ్డలో మూటకట్టి లక్కలో తడిపి, చెయ్యి ఎక్కడా ఆపకుండా పలుచగా పూస్తూ పొండి. మూట పట్టేసినట్టు అనిపిస్తే దాని అడుగున ఒక్క చుక్క అవిసె నూనె రాస్తే చాలు. నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకొనే ప్రమాదం ఉంది. విడదీసి ఆరుబయట ఆరేయాలి.

తాతగారి రేడియో, బ్రహ్మపురం

అందరికీ నమస్కారాలు. వెనుక అంచున పరీక్షించి చూశాను. స్పిరిట్‌కు కదలలేదు, థిన్నరుకు వెంటనే జిగురుగా మారింది, కనుక లాకరే. మెకానిక్కు గారు లోపలి సెట్టును భద్రంగా విప్పి ఇచ్చారు. సిరోంచ వారు చెప్పినట్టే వెనీరు ఇస్త్రీపెట్టెకు లొంగి కూర్చుంది. పక్కలకు థిన్నరు కుంచె వేసేసరికి పగుళ్లు చాలావరకు కలిసిపోయి, పూత కింద నుంచి చెక్క ఎర్రటి గోధుమరంగు చారలు పైకి వచ్చాయి. పై పలకకు మాత్రం ధర్మాబాద్ వారి మాట ప్రకారం లాకరే కొట్టించాలనుకుంటున్నాను. ఇక్కడ ఇప్పుడు ముసురు పట్టి ఉంది. ఈ వానల్లో చేయించవచ్చా?

చెక్కపని, ధర్మాబాద్

వద్దు. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు చెక్క మీది పూత చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది, పలక మళ్లీ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి దసరా వెళ్లి, పొడిగాలి మొదలయ్యే దాకా ఆగండి. అప్పుడు కూడా పొద్దున్నే కాకుండా, ఎండెక్కిన తరువాత, తలుపులు తెరిచి ఉన్న చోట, దగ్గరలో పొయ్యి గాని దీపం గాని లేకుండా చూసుకొని కొట్టించండి. పలుచని పూతలే వేయించి, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనివ్వండి. అంతవరకు పలక మీద పాత నూలుచీర కప్పండి, ప్లాస్టిక్ కప్పితే తేమ లోపలే నిలుస్తుంది.