అప్‌డేట్: అమలాపురంలో 60 లీటర్ల రీఫ్ ట్యాంకు

ఈ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, అంతర్వేది సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి పోయొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా, వద్దన్న మీ మాటే సరైనది. వరదల నెలల్లో వశిష్ఠ గోదావరి నీళ్లు కలిసి అక్కడ ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు కూడా వస్తుంది. అందుకే ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు సుమారు 38 గ్రాముల రీఫ్ సాల్ట్ (సముద్రపు నీళ్లలాంటివి తయారుచేసే అక్వేరియం ఉప్పు) వేసి, రాత్రంతా పంపుతో తిప్పి ఉప్పదనాన్ని 35 పీపీటీకి (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) తెచ్చాను. ఉప్పదనం కొలవడానికి రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే చాలు, కానీ దాన్ని 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోవాలి.

నీళ్లు తగ్గితే ఉప్పునీళ్లు కాదు, ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరవదు.

అమోనియా, నైట్రైట్ సున్నాకొచ్చి నైట్రేట్ కనబడ్డాకే, అంటే విషపు వ్యర్థాల్ని మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో కుదురుకున్నాకే, నత్తల్ని వదిలాను. ఇసుక మీది గోధుమరంగు పొర డయాటమ్‌లే (కంటికి కనబడని సూక్ష్మ నాచు), పల్చబడుతోంది. మన కోనసీమ ఉక్కపోతలో ఫ్యాను పెట్టినా నీళ్లు పెద్దగా చల్లబడట్లేదు. చిల్లర్ పెట్టి 26 డిగ్రీల దగ్గర నిలిపాకే జోవాంథిడ్ పగడాలు వేస్తాను.