పడావు పడ్డ పొలంలో కంప, కొమ్మలు కొట్టడానికి పోల్ సా: వాడినవాళ్లు మీ అనుభవం చెప్పండి

నర్సంపేట చెలక
మా నాన్న పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి నర్సంపేట దగ్గర మా రెండెకరాల పది గుంటలు పడావు పడి ఉంది. నేను హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న ఉగాదికి వెళ్తే బాయి కనపడలేదు. చుట్టూ సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. మోటరు దగ్గరికి పోయే బాట నిండా రేగు కంప, పరికి కంప. గెట్టు మీద నాన్న పెట్టిన మూడు వేపలు, ఒక చింత ఉన్నాయి. వేప కొమ్మలు పెంకుటింటి మీదికి వాలాయి. కోతులు వాటి మీదినుంచే దిగి పెంకులు లేపుతున్నాయి.

జేసీబీ పెడితే ఒక్క రోజు పని అంటున్నారు అందరూ. కానీ నాన్న పెట్టిన చెట్లు పోవద్దు. చెట్టెక్కి కొమ్మ కొట్టేవాళ్లు ఊళ్లో ఇద్దరే మిగిలారు, వాళ్లు దొరకడం లేదు. పొడుగు గొట్టం కొసకు రంపం ఉండే పోల్ సాతో కింద నిలబడే కోయొచ్చని విన్నాను. చేతిది, బ్యాటరీది, పెట్రోల్‌ది అంటున్నారు, ఏది కొనాలి? నేను ఇంతవరకు చైన్ సా ముట్టుకోలేదు.

జగిత్యాల మామిడి
తమ్మీ, చైన్ సా ముట్టుకోనివాడివైతే ముందు చేతి రంపం ఉన్న పోల్ సా కొను. మేం మామిడి తోటలో నాలుగేళ్లుగా వాడుతున్నాం. కాయ దిగినంక జూన్, జులైలో చెట్టు నడుమ గుబురు తీసేస్తాం, ఎండ లోపలికి పడాలని. చెయ్యి మందం కొమ్మ వరకు దానితో హాయిగా తెగుతుంది.

మేకలోళ్ల దోటి తెలుసు కదా, దాని కొసకు కొడవలి బదులు వంపు రంపం ఉందనుకో. పళ్లు నీ వైపు తిరిగి ఉంటాయి కాబట్టి గుంజినప్పుడే కోస్తుంది, తోసినప్పుడు కోయదు. కొత్తవాళ్లు రెండు వైపులా బలం పెట్టి అరగంటకే భుజాలు పట్టేసుకుంటారు. తోసేటప్పుడు చెయ్యి వదులుగా ఉంచి, గుంజేటప్పుడు నీ ఒంటి బరువు దాని మీద వెయ్యి. గొట్టం మొత్తం బయటికి లాగితే ఊగుతుంది, రంపం ఒకే గాట్లో నిలవదు. అందుకే కావలసినంతే పొడుగు చేసుకోవాలి.

హుజూరాబాద్ మెకానిక్
పెట్రోల్ పోల్ సాలు మా షాపుకు రిపేరుకు చాలా వస్తాయి. పదింట ఏడు కేసులు ఆయిల్ దగ్గరే. ఇవి ఎక్కువగా టూ స్ట్రోక్ ఇంజన్లు, వట్టి పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోల్‌లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపాలి, కొన్నిటికి లీటరుకు 20 మి.లీ. (1:50), కొన్నిటికి 40 మి.లీ. (1:25). ఏది అన్నది మీ మిషన్ పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. పక్కవాడి మిషన్ లెక్క మీకు పనికిరాదు.

ఇంకోటి, చైన్‌కు వేరే ఆయిల్ డబ్బా ఉంటుంది. పెట్రోల్ పోసిన ప్రతిసారీ అదీ నింపాలి. తెల్ల కాగితం ముందు పెట్టి కాసేపు తిప్పితే దాని మీద సన్నని నూనె గీత పడాలి. పడకపోతే ఆయిల్ రావట్లేదని అర్థం, అలాగే కోస్తే బార్ (చైన్ తిరిగే ఇనుప పట్టీ) నీలం రంగుకు కాలిపోతుంది. పొట్టు పిండిలా వస్తుంటే చైన్ మొద్దుబారినట్టు. రవ్వలా, ముక్కలు ముక్కలుగా రావాలి. మొద్దు చైన్‌తో బలంగా నొక్కి కోస్తేనే ప్రమాదాలు.

మీ వేపలు మూడే అయితే పెట్రోల్‌ది అవసరం లేదనే నా మాట. ఆరేడు కిలోల మిషన్‌ను తల మీద ఎత్తి పట్టుకోవడం మామూలు విషయం కాదు.

ములుగు రోడ్ అక్క
నేను బ్యాటరీది వాడుతున్నాను. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు, పొలం పని నాదే. చప్పుడు తక్కువ, తాడు గుంజి స్టార్ట్ చేసే బాధ లేదు. మా చిన్న బ్యాటరీ ఆపి ఆపి కోస్తే అరగంట వస్తుంది, అందుకే రెండోది కొన్నాను.

జరిగిన సంగతి ఒకటి చెప్తాను, మీకు జరగకూడదని. పోయిన ఏడాది కానుగ కొమ్మ కోస్తూ సరిగ్గా దాని కిందే నిలబడ్డాను. గొట్టం దాదాపు నిటారుగా ఉంది. కొమ్మ తెగి నేల మీద పడలేదు, గొట్టం వెంబడి జారుతూ నేరుగా నా చేతుల మీదికి వచ్చింది. మిషన్ వదిలేసి వెనక్కి దూకాను. ఎడమ మణికట్టు వాచి మూడు వారాలు బిందె ఎత్తలేకపోయాను. ఇప్పుడు ఎప్పుడైనా పక్కకు జరిగి, గొట్టం ఏటవాలుగా పెట్టే కోస్తాను. 60 డిగ్రీల కంటే నిటారుగా పెట్టను. వెనక్కి తప్పుకోవడానికి రెండు బాటలు ముందే కంప లేకుండా శుభ్రం చేసి పెట్టుకుంటాను. కళ్లద్దాలు, హెల్మెట్ తప్పనిసరి. పైకి చూస్తూ కోస్తాం కదా, పొట్టంతా కళ్లలోనే పడుతుంది.

కరెంటు పనోడు
ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్నాను. అందరూ రంపం గురించే మాట్లాడుతున్నారు, తీగల మాట ఎవరూ ఎత్తలేదు. తమ్మీ, నీ బాయి మోటరుకు వచ్చే లైను ఆ వేపల మీదుగా పోతుందా? ముందు అది చూడు.

2018 జనవరి 1 నుంచి మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు "ఇప్పుడు కరెంటు లేదులే" అని తీగల పక్క కొమ్మలు కొట్టే అలవాటు ఉండేది. ఆ అలవాటు చేతిలో ఉంటే ఇప్పుడు ప్రాణం పోతుంది. ఫైబర్ గొట్టం షాక్ కొట్టదని అమ్మేవాళ్లు చెప్తారు. దుమ్ము, చెమట, తడి పట్టిన గొట్టాన్ని నమ్మొద్దు. అల్యూమినియందైతే చెప్పే పనే లేదు. పచ్చి కొమ్మ తీగ మీద వాలినా కరెంటు దిగుతుంది. 11 కేవీ లైనుకైతే తగలాల్సిన పని కూడా లేదు, దగ్గరికి పోతే చాలు.

మిషన్ పుస్తకాల్లో తీగలకు 10 నుంచి 15 మీటర్ల దూరం రాసి ఉంటుంది. అంతకంటే దగ్గర కొమ్మ ఉంటే మీ లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కి ఫోన్ చేయండి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకుని, సప్లై ఆపి కోయిస్తారు. రెండు రోజులు ఆలస్యమైతే కానివ్వండి. స్టార్టర్ డబ్బాలో ఫ్యూజులు పీకితే మోటరు ఆగుతుంది కానీ పైన లైను చావదు. ఈ తప్పు చాలామంది చేస్తారు.

నర్సంపేట చెలక
అన్నా, మంచి మాట చెప్పారు. ఇవాళే వెళ్లి చూశాను. చింత మీదుగా లైను పోతోంది, వేపల మీద లేదు. చింతను ముట్టుకోను, లైన్‌మన్‌తో మాట్లాడుతాను.

ఇంటి మీది వేప కొమ్మ తొడంత లావుంది. ఇంతకుముందు ఎవరో గొడ్డలితో కొడితే కాండం మీది బెరడు రెండడుగులు చీలి వచ్చిందట, ఆ మచ్చ ఇంకా ఉంది. అలా కాకుండా ఎలా కోయాలి?

జగిత్యాల మామిడి
పైనుంచి ఒకటే గాటు పెడితే అంతే అవుతుంది. సగం తెగేసరికి కొమ్మ బరువుకు వంగి, కింది బెరడును పట్టుకుని కాండం దాకా చీల్చుకుంటూ దిగుతుంది. ముందుగా కొస వైపునుంచి రెండు మూడు ముక్కలుగా కోసి బరువు తగ్గించు. తర్వాత కాండానికి జానెడున్నర దూరంలో కిందినుంచి పైకి ఒక గాటు పెట్టు, మందంలో మూడో వంతు చాలు. ఎక్కువ పెడితే కొమ్మ కూర్చుని రంపాన్ని పట్టేస్తుంది. ఆ గాటుకు రెండు మూడు అంగుళాలు అవతల, కొస వైపు, పైనుంచి కోయి. కొమ్మ విరిగినా చీలిక ఆ కింది గాటు దగ్గరే ఆగిపోతుంది.

ఇక మిగిలిన మోడు. కొమ్మ కాండంలో కలిసేచోట ముడతలు పడి ఉంగరంలా ఉబ్బి ఉంటుంది చూడు, ఆ ఉబ్బును వదిలి దాని పక్కనుంచి కోయాలి. చెట్టు గాయం మూసుకునేది ఆ ఉబ్బుతోనే. కాండానికి చదునుగా కోసినా, మోడు పొడుగ్గా వదిలినా అక్కడ కుళ్లు పడుతుంది. మామిడికి మేం కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తాం.

కానీ తొడంత లావు కొమ్మ, అదీ ఇంటి మీద! ఆ పెద్ద కోత తాడు కట్టి దింపే పనోళ్లతోనే చేయించు. చుట్టూ ఉన్న సన్నవి నువ్వు కోయి. పిట్టగూళ్లు, తేనెపట్టు ఉన్నాయేమో కూడా చూడు.

జనగామ గెట్టు
బాయి చుట్టూ ఉన్న సర్కారు తుమ్మకు పోల్ సా పరిష్కారం కాదు. పై కొమ్మలు తీసి లోపలికి దారి చేసుకోవడానికి పనికొస్తుంది, అంతే. నేల మట్టానికి కోస్తే వాన పడ్డాక ఒక్క మోడుకు పది పిలకలు లేస్తాయి. మొదలుకు కిందున్న బుడిపె నుంచి చిగురిస్తుంది కాబట్టి మట్టి తవ్వి, ఆ బుడిపెతో సహా తీయాలి. లావు మొదళ్లకు జేసీబీ పెట్టండి, బాయి ఒడ్డుకు మాత్రం దూరంగా. పాత రాతికట్టు ఆ బరువుకు కూలుతుంది. బొగ్గు బట్టీల వాళ్లు ఆ కట్టె కొంటారు, అడిగి చూడండి, కొట్టే కూలి కొంత తిరిగి వస్తుంది.

దాని ముల్లు మామూలు చెప్పును దాటి పాదంలో దిగుతుంది. గమ్‌బూట్లు వేసుకున్నా అరికాలు చూసుకుంటూ నడవాలి. ఆరేళ్ల కంప అంటే కింద కట్లపాము, రక్తపింజరి ఉంటాయనే అనుకోండి. నరికిన కంపను చేతితో ఎత్తొద్దు, పంగల కర్రతో లాగండి.

గెట్టు మీది చెట్టు అన్నారు కాబట్టి ఇంకొక మాట. పక్క రైతును పిలిచి, చూపించి, ఆయన ముందే కోయండి. మా దగ్గర ఒక్క కొమ్మకు రెండేళ్లు మాటలు లేకుండా పోయాయి. చెట్టును మొదలుకంటా తీయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి అడగండి. తాటి, ఈత ఉంటే ఎక్సైజ్ వాళ్లను కూడా అడగాలి.

నర్సంపేట చెలక
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చేతి పోల్ సా కొన్నాను. మూడు ఆదివారాలు పనిచేశాం, నేను, మా చిన్నాన్న. పక్క గెట్టు పెద్దమనిషిని పిలిస్తే ఆయనే వచ్చి ఏ కొమ్మ ఎటు పడుతుందో చెప్పి కంప లాగారు. మొదటి రోజు తోసినప్పుడు కూడా బలం పెట్టి అలసిపోయాను, రెండో రోజుకు గుంజడం అలవాటైంది. లావు వేప కొమ్మను తాడు కట్టి ఇద్దరు పనోళ్లు దింపారు. కింది గాటు పెట్టించాను, బెరడు చీలలేదు. పెంకుల మీద ఇప్పుడు ఆకాశం కనిపిస్తోంది. కోతులు రెండు వారాలుగా రాలేదు.

చింత దగ్గర లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని బుధవారం పని చేయించారు. నిన్న బాయి దగ్గరికి దారి పడింది. నాన్న గిలకకు కట్టిన తాడు అలాగే ఉంది, ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది. నీళ్లు పది గజాల లోతులో ఉన్నాయి. తుమ్మ మొదళ్లు ముప్పై దాకా తేలాయి, మృగశిర లోపు తవ్వించాలి. నర్సంపేట వైపు చిన్న జేసీబీ నడిపేవాళ్లు, పాత బాయిల దగ్గర జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.